కన్నవారి ఊరు

ఈ చైత్రమాసమున, శ్రీరామనవమి వెళ్లిన నాలుగవనాడు, మేము ముగ్గురము తోబుట్టువులము మా తల్లిదండ్రులను చూచుటకు బయలుదేరితిమి. మాలో పెద్దవాడు హైదరాబాదున, రెండవవాడు ఖమ్మమున, కడగొట్టు ఆడపడుచు విజయవాడలోను కాపురము లుండుటచేత, ఎవరి వీలును బట్టి వారు పోయి వచ్చుటయే గాని, ముగ్గురము ఒక్కమాఱు ఆ గడప త్రొక్కి ఆఱేండ్లు దాటినది. ఈసారి కలిసి పోవుటకు ఒక కారణము కలదు. నాన్నగారికి ఎనుబదినాలుగేండ్లు, అమ్మకు డెబ్బదియెనిమిది. వారిద్దఱిని ఇక నగరమునకు తీసికొని రావలెనని మాలో మేము ఫోనులలో నిశ్చయించుకొంటిమి. వారితో మాత్రము ఆ మాట ఎవరమును అనలేదు. చెట్టంత ఎదిగిన బిడ్డలము ముగ్గురము గుంపుగా పోయినచో కాదనలేరని మా ఆశ.

హైదరాబాదునుండి వచ్చు రైలు డోర్నకల్లు దగ్గర పెద్దలైను విడిచి, అడవి మొగమున తిరిగి, తెల్లవాఱునప్పటికి కొత్తగూడెము చేరును. స్టేషను బోర్డు మీద మాత్రము ‘భద్రాచలం రోడ్డు’ అని యుండును. ఆ పేరు నమ్మి దిగిన క్రొత్త యాత్రికుడు గుడి గోపురము కొఱకు నలువైపుల చూచుటయు, ‘ఇంకా నలభై కిలోమీటర్లు పోవాలండీ’ అని ఎవరో చెప్పుటయు మేము చిన్ననాటినుండి చూచుచున్న వినోదమే. ఖమ్మమునుండి ఒకరు, విజయవాడనుండి ఒకరు బస్సులలో వచ్చి అక్కడ కలిసికొనిరి.

కొత్తగూడెములో మా మేనమామగారున్నారు. సింగరేణి గనులలో భూగర్భమున ముప్పదియేండ్లకు పైగా పనిచేసి విశ్రాంతి తీసికొనుచున్నారు. వారింట ఫలహారము చేయక ముందుకు పోవుట మా వంశమున లేదు. అత్తగారు ఇడ్డెనలు వడ్డించుచుండగా మామగారు నెమ్మదిగా చెప్పిరి. ‘మీ అమ్మ మీకు చెప్పదు. నాకు చెప్పింది. మోకాళ్లు లేవనివ్వడం లేదంట. అంతకంటే, చీకటి పడితే భయంగా ఉందంట. ఏ రాత్రో మీ నాన్నకు ఏమన్నా అయితే ఎవర్ని పిలవాలా అని తెల్లారేదాకా మేలుకునే ఉంటదంట. ఈ మాట నేను చెప్పానని అనకండి.’ మేము మాఱు పలుకలేదు. అమ్మ ప్రతి ఆదివారము ఫోనులో ‘మాకేం, బాగానే ఉన్నాం’ అనుచుండగా, ఆ మాటను ఎంత తేలికగా నమ్ముచు వచ్చితిమో అప్పుడు తెలిసినది.

కొత్తగూడెము దాటిన పిమ్మట పాల్వంచ. విద్యుత్కేంద్రపు పాత శీతలీకరణ గోపురములు ఎనిమిది ఇక్కడ ఆకాశమున కడ్డముగ నిలిచియుండెడివి. బస్సులో నిద్రించుచున్న పిల్లలము అవి కనబడినంతనే ‘ఇల్లు దగ్గరపడింది’ అని లేచి కూర్చుండెడివారము. కాలము తీఱినవని 2024లో వానిని కూల్చివేసిరి. ఆ చోట వట్టి ఆకాశము చూచి, మాలో ఒకరు దారి తప్పితిమేమో యనుకొనిరి. అటుపైన కిన్నెరసాని. విశ్వనాథవారి పాటలలో ఎంత గొప్పగా ప్రవహించినను, చైత్రమాసమున ఈ యేఱు ఇసుకలో ఒక సన్నని పాయ మాత్రమే. ప్రక్కనున్న అడవిలో ఇప్పపూలు రాలుచున్నవి. తెల్లవాఱుజామున చెట్లక్రింద ఊడ్చి, ఆడవాండ్రును పిల్లలును బుట్టలలో ఆ పూలను ఏఱుచుండిరి. కారు అద్దము దించగానే ఆ తీపి వాసన లోనికి వచ్చెను. ఏ అత్తరు కొట్టులోను అమ్మని వాసన యది. కొంతమేర అడవి పోయి జామాయిలు తోటలు వచ్చినవి. సారపాకలోని కాగితపు మిల్లుకు అవియే మేత.

సారపాక దాటినచో గోదావరి. ఈ వంతెన 1965లో వచ్చినది. దాని సరసనే ఇప్పుడు రెండవ వంతెనయు నున్నది. నాన్నగారికి ఇరువదినాలుగేండ్లు వచ్చువఱకు ఈ రేవు పడవమీద దాటుటయే గాని వేఱు దారి లేదు. వరద కాలమున ఆవలి యొడ్డున చావు కబురు తెలిసినను, నీరు తీయువఱకు ఈవలి యొడ్డున కూర్చుండి ఏడ్చుటయే యని వారు చెప్పుచుందురు.

ఇక్కడి సరిహద్దుల సంగతి శ్రోతలకు కొంచెము విడమర్చి చెప్పవలసియున్నది. భద్రాచలము తాలూకా 1874వఱకు మధ్యపరగణాలలో నుండి, ఆ యేట మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో చేరినది. నాన్నగారు పుట్టునాటికి అది తూర్పు గోదావరి. 1953లో ఆంధ్ర రాష్ట్రము, 1956లో ఆంధ్రప్రదేశ్, 1959లో ఖమ్మం జిల్లా, 2014లో తెలంగాణ, 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. ఇల్లు ఒక్క అడుగైనను జరుగలేదు. చిరునామా మాత్రము ఇన్నిమాఱులు మాఱినది. 2014లో పోలవరము ప్రాజెక్టు నిమిత్తమై ముంపు మండలములను ఆంధ్రప్రదేశ్‌లో కలిపినప్పుడు భద్రాచలము పట్టణము ఇటును, దాని చుట్టునున్న పల్లెలు అటును పోయినవి. రాములవారు ఒక రాష్ట్రమున, పురుషోత్తపట్టణములోని వారి మాన్యము మఱియొక రాష్ట్రమున! మా ఊరు దుమ్ముగూడెము దగ్గరిది, తెలంగాణలోనిదే. అయినను తెలంగాణలోని భద్రాచలమునుండి తెలంగాణలోని మా ఊరికి పోవు దారి నడుమ కొంతమేర ఆంధ్రప్రదేశ్‌లో నడచును. కారులో కునుకు తీయువాడు రెండు రాష్ట్రములు దాటి వచ్చితినని ఎఱుగడు. కాని ఒక ఇంటి ఆడపడుచు రేషను కార్డు ఒక ప్రభుత్వముదియు, ఆమె అన్నగారి పింఛను ఇంకొక ప్రభుత్వముదియు అయినప్పుడు ఆ గీత తెలియకపోదు. మా మేనత్తగారిది కూనవరము. ఆ గీతకు ఆవలివైపు.

మేము చేరునప్పటికి ప్రొద్దెక్కినది. అమ్మ అరుగు మీద కూర్చుండి చింతచిగురు నలుచుచున్నది. మమ్ము చూచి లేవబోయెను. గోడ పట్టుకొని, స్తంభము పట్టుకొని, మేము దగ్గరకు పోవులోపల ఎట్లో నిలువబడి, ఏమియు కానట్లు నవ్వెను. ‘ముగ్గురూ ఒక్కసారే వచ్చారేమిటర్రా, ఎవరికేమైంది?’ అని నాన్నగారు లోపలినుండి అడిగిరి. ముసలివారి యింటికి బిడ్డలందఱు కలిసి వచ్చుట కూడ భయపడవలసిన విషయమై పోయెనే యని మాకు సిగ్గు కలిగినది.

మాది మట్టిగోడల పెంకుటిల్లు. నడవలోని టేకు స్తంభముమీద కత్తితో చెక్కిన గాట్లు మూడున్నవి. అన్నిటికంటె పైది 1986 ఆగస్టు. భద్రాచలము వద్ద గోదావరి 75.6 అడుగులు వచ్చిన యేడు. దానికి క్రిందిది 2022 జులై, 71.3 అడుగులు. దానికించుక క్రిందుగ 1990, 70.8. నలుబదిమూడు అడుగులకు మొదటి హెచ్చరిక, నలుబదియెనిమిదికి రెండవది, ఏబదిమూడుకు మూడవది. రేడియోలో ఆ యంకె వినగానే నాన్నగారు స్తంభము వైపు చూచెదరు. మా యింటి నేల కెన్ని యడుగులకు నీరు చేరునో వారికి లెక్క. 1986లో మేము పిల్లలము. గుట్టమీది కోయగూడెమునుండి ఒక పెద్దాయన నాటుపడవ తెచ్చి మమ్ము ఎక్కించుకొని పోయి, పదకొండు దినములు తన యింట నుంచుకొని జొన్నజావ పోసెను. నాటినుండి ఆయన నాన్నగారికి బావ. వరసలు రక్తముతోనే కలియవలెనని లేదు గదా. ఆయన పోయి చాల కాలమైనది; ఆయన కుమారుడు ఇప్పటికిని ప్రొద్దున ఒకమాఱు, ప్రొద్దుగూకులవేళ ఒకమాఱు వచ్చి ‘ఏం మామా, ఎట్లున్నవ్’ అని అరుగు దగ్గర నిలిచి పోవుచుండును. నగరమున మా యింటి ఎదుటి తలుపువాని పేరు మాకు తెలియదు. ఈ సంగతి ఆనాడు మాకు మేమే చెప్పుకొని ఊరకుంటిమి.

చింతచిగురు పప్పుతో భోజనములైనవి. మాట ఎత్తుటకు మా పెద్దవాడు గొంతు సవరించుకొనుచుండగా నాన్నగారే ముందు అడిగిరి: ‘కారు తెచ్చారు కదా. రేపు నన్ను కూనవరం తీసుకుపోతారా? మీ అత్తను చూడాలి. ఆ ఇల్లు ఉండగానే చూడాలి.’

మఱునాడు అందఱము పోయితిమి. అమ్మయు వచ్చెను. అడవిదారిలో ఆకులు రాలిన టేకుచెట్లు, వాని నడుమ తునికాకు కోతకు సిద్ధమగుచున్న కల్లములు, ఏటివెంబడి ఎఱ్ఱగా ఆరబోసిన మిరపకాయలు. వెనుకటి దినములలో ఈ ప్రయాణము నీటిమీదనే. రాజమహేంద్రవరమునుండి కూనవరమునకు, భద్రాచలమునకు లాంచీలు నడచెడివి. మా మేనత్తగారు పెండ్లికూతురై సారెతో పడవలోనే అత్తవారింటికి పోయినది. నాన్నగారు కారు కిటికీలోనుండి ఏటిని చూచుచు, ఏ మలుపు దగ్గర ఆమె ఏడ్చినదో, ఏ రేవులో పడవ ఆపి కొబ్బరికాయ కొట్టినారో చూపిరి.

కూనవరము శబరి గోదావరిలో కలియు చోటు. ఇదియంతయు ముంపులోనిది. పోలవరము జలాశయపు పూర్తి నీటిమట్టము 150 అడుగులు, అనగా 45.72 మీటర్లు; మొదటి దశలో 41.15 మీటర్లు అని నిర్ణయించిరి. ఏ పల్లె ముందు లేవవలెను, ఏ పల్లె వెనుక లేవవలెను అను లెక్క ఈ మీటర్లను బట్టియే. నీటిపారుదల, విద్యుత్తు, త్రాగునీరు—ప్రాజెక్టు ప్రయోజనము లెన్నో కలవు; క్రింది మాగాణికి మేలు జరుగునని మేమును నమ్ముదుము. కాని మీటర్లలో కొలుచుట ఊరి బయటినుండి చూచువారికి సులభము. అత్తగారు చెప్పినది వేఱు. ‘ఎప్పుడు పొమ్మంటారో తెలిస్తే బాగుండు నాయనా. పోయేదే అని పెంకు సర్దించలేదు. ఇంకా ఉంటామేమో అని మల్లె అంటు తీయలేదు. పన్నెండేళ్లుగా రేపు మాపు అంటూ కూర్చున్నాం.’ 2022 వరదలో ఆమె గుట్టమీద టార్పాలిను గుడారములో గడపినది. కుమారు లిద్దఱును రాజమహేంద్రవరమునకు రమ్మనిరి. ఆమె ఇల్లు ఖాళీ చేసినచో లెక్కలో పేరు ఉండదేమో యని భయపడి కదలలేదు.

అన్నాచెల్లెండ్రు ప్రక్కప్రక్కన కూర్చుండిరి. చాలసేపు మాటలే లేవు. ఆమెకు చెవులు సరిగా వినబడవు, ఆయనకు కన్నులు సరిగా ఆనవు. ఆయన ఆమె చేయి పట్టుకొని గాజులు లెక్కపెట్టుచున్నట్లు త్రిప్పుచుండెను. మేము మిద్దె మీదను, పెరటిలోను తిరిగి, చిన్ననాడు సెలవులలో దాగుడుమూతలాడిన గాదె వెతికితిమి. అది వరదలో పోయినదట. మా చెల్లెలు పెరటి తలుపు దగ్గర అమ్మను కనిపెట్టి, మోకాలిపై చేయి వేసి, ‘నొప్పి ఎంతకాలం నుంచి?’ అని అడిగినది. అమ్మ నాన్నగారి వైపు చూచి, ‘ఇక్కడ కాదు’ అనెను. అంతమాత్రమే. మామగారు చెప్పినదంతయు నిజమని ఆ రెండు మాటలతో తేలిపోయినది.

బయలుదేరు వేళ అత్తగారు వసారాలోని తిరగలిని చూపి, ‘దీన్ని తీసుకుపోండి’ అనెను. అది ఆమె సారెలో వచ్చినది. మా నాయనమ్మ దుమ్ముగూడెపు సంతలో కొని పడవ కెక్కించినదట. నాన్నగారికి కోపము వచ్చినది. ‘ఇచ్చిన సారె వెనక్కి తీసుకుంటారా ఎవరైనా? పుట్టింటికి అరిష్టం.’ ఆమెయు తగ్గలేదు. ‘నీళ్లల్లో వదిలిపెడితే అరిష్టం కాదా అన్నయ్యా? కొత్త కాలనీలో నాకిచ్చే గదుల్లో దీనికి చోటెక్కడ? కొడుకుల ఇళ్లల్లో మిక్సీలున్నాయి.’ ఎనుబది దాటిన యిద్దఱు ఒక రాతి కొఱకు చిన్నపిల్లలవలె వాదులాడిరి. కడకు అమ్మ కలుగజేసికొని, ‘వెనక్కి తీసుకోవడం కాదు, దాచిపెడతాం. ఎప్పుడు కావాలంటే అప్పుడు వచ్చి కందులు విసురుకో, వదినా’ అన్నది. అందఱికిని ఆ మాట సరిపోయినది. రెండు రాళ్లను గోనెసంచులలో చుట్టి కారు వెనుక పెట్టితిమి. దారిపొడవున ప్రతి గుంతలోను అవి కటకటలాడుచునే యుండెను.

ఆ రాత్రి అరుగుమీద పడుకొని యుండగా, మేము మాట ఎత్తకయే నాన్నగారు అందుకొనిరి. ‘మీరు దేనికొచ్చారో నాకు తెలుసు. మీ మామ కడుపులో మాట దాగదు. మునిగే ఊరివాళ్లని లెమ్మంటున్నారు, లేస్తున్నారు. మునగని ఊళ్లో ఉన్న నన్ను ఎందుకు లెమ్మంటారు?’

మాకు జవాబు తోచలేదు. మా రెండవవాడు పొలము మాట, ఇల్లు మాట తెచ్చి చూచినాడు. ఏజెన్సీలో భూమిని గిరిజనేతరులకు అమ్ముట 1959నాటి నిబంధన, దానికి 1970లో వచ్చిన సవరణ ప్రకారము కూడదు. జనము దానిని వన్ ఆఫ్ సెవెంటీ అందురు. అడవిబిడ్డల భూమి నిలుచుటకు పుట్టిన చట్టము. దానిని తప్పుపట్టుటకు మాకు నోరు లేదు. ‘అమ్మడానికి లేదు, కొనడానికి లేదు. పొలం ఎటూ బావగారి కొడుకే చేస్తున్నాడు. ఇక దీన్ని ఉన్నన్నాళ్లు ఉండడానికి తప్ప దేనికి వాడతారు?’ అని నాన్నగారు నవ్విరి.

అప్పుడు మా చెల్లెలు, మామగారి పేరెత్తకుండ, ‘మీ సంగతి సరే నాన్నా. అమ్మ రాత్రుళ్లు నిద్రపోవడం లేదు. మీరు చూశారా?’ అనినది. చీకటిలో ఆయన మొగము మాకు కనబడలేదు. లోపలి మంచముపైన అమ్మ మేలుకొనియే యున్నదని అందఱికి తెలియును. చాలసేపటికి ఆయన, ‘నాతో ఎందుకు చెప్పలేదే?’ అని లోపలి వైపు తిరిగి అడిగిరి. ‘చెబితే మీరు బయలుదేరతారని’ అని అమ్మ బదులు పలికెను.

ఆమె పోవలెనని కోరుచున్నదని మే మనుకొంటిమి. పోవలసి వచ్చునని భయపడి దాచినదని ఆ రాత్రి గాని తెలిసికొనలేకపోయితిమి. అయినను భయము భయమే, మోకాలి నొప్పి నొప్పియే. అవి ఆ మాటతో తగ్గవు. తెల్లవాఱువఱకు అరుగుమీద తర్జనభర్జన జరిగినది. భద్రాచలము ఆసుపత్రికి రాత్రివేళ పిలువదగిన బండివాని నంబరు పెద్ద యక్షరములలో వ్రాసి గోడకు అంటించితిమి. కోయబావగారి కొడుకు తన చిన్నకుమారుడు రాత్రులందు నడవలో పడుకొనునని చెప్పెను. వానికి చదువుకొనుటకు మా నడవలో దీపము బాగుండునట. జ్యేష్ఠములో అమ్మను ఖమ్మము తీసికొనిపోయి మోకాళ్లు చూపించుటకు ఆమె ఒప్పుకొనినది. ఆ దినములలో నాన్నగారును వచ్చెదరట, వానలు పడులోపల తిరిగి రావలెనను షరతుతో. ఏటి లెక్క ఎవరు చూచుకొందురని వారి బాధ.

తక్కిన నెలలకు మాలో ఒకరు వంతున ప్రతి నెలయు రావలెనని తేల్చుకొంటిమి. ఫోనులో కాదు, ఇంటికి. నాన్నగారు గోడనున్న తెలుగు కేలండరును దింపించి, భూతద్దము పట్టుకొని, పెన్సిలుతో ఒక్కొక్క నెలలో ఒక్కొక్కరి పేరు వ్రాసిరి. రేడియోలో ఉషశ్రీగారు భద్రాద్రి కల్యాణమును కన్నులకు కట్టించుచుండిన దినములనుండియు ఈ యింట కేలండరు మీద నవమికి మాత్రమే పెన్సిలు గుర్తు పడుచుండెను.

కారు ఎక్కబోవుచుండగా మా పెద్దవానిని వెనుకకు పిలిచిరి. ‘వైశాఖంలో నీ వంతు పడ్డ రోజు అమావాస్య. ఆ రోజు ప్రయాణం వద్దు. మర్నాడు రా. పొద్దున బండికే రా, చింతచిగురు ముదిరిపోతుంది.’